దయ్యాల ఆటలూ – పిల్లల విశ్వాసమూ

“ఈ కాలం పిల్లలకి దేనిమీదా నిలకడ లేదండీ!”

ఈ మాట ఈమధ్య మా జంగారెడ్డిగూడెంలో పేరంటాల్లో విన్నాను, ఏలూరు బస్సులో విన్నాను, ఆఖరికి గురవాయిగూడెం మద్ది ఆంజనేయస్వామి గుడిలో ప్రదక్షిణాలు చేస్తూ కూడా విన్నాను. నిలకడ లేదనడానికి సాక్ష్యం ఏమిటయ్యా అంటే, ఫోన్లో ఆటలు. “మొన్న పబ్జీ అన్నాడు, నిన్న ఫ్రీ ఫైర్ అన్నాడు, ఇవాళ ఏవో జాంబీలట, చచ్చినవాళ్ళు లేచి నడుస్తారట! రేపు ఇంకోటంటాడు. ఒక ఆటనే నమ్ముకుని ఉండలేనివాడు రేపు ఒక ఉద్యోగంలో ఉంటాడా? ఒక పెళ్ళాంతో ఉంటాడా?” ఇదీ వరస.

వినడానికి ఎంతో సబబుగా ఉంది. కానీ శుద్ధ అన్యాయం. కొట్టువాడు చెప్పాపెట్టకుండా తలుపులు మూసేస్తే, బేరానికి వచ్చినవాణ్ణి పట్టుకుని “నీకు నిలకడ లేదు” అని తిట్టినట్టుంది.

ముందు మన నిలకడ సంగతి చూద్దాం. 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ వస్తున్న రోజుల్లో మన అమ్మలూ, అత్తలూ ఏం చేశారు? అప్పటిదాకా తెప్పించుకుంటున్న పత్రికని పక్కకి నెట్టి, చేతబడి కథ కోసం ఆ పత్రిక వెంట పడ్డవాళ్ళు ఎంతమంది లేరు! వాళ్ళు సంసారాలు చెయ్యలేదా? పిల్లల్ని పెంచలేదా? ఇక మగవాళ్ళ మాట. సంక్రాంతికి చట్టం ఒప్పుకోదని తెలిసీ మన జిల్లాలో బరులు కడతారు గదా! పొద్దున్న డేగ మీద కాసిన పెద్దమనిషి మధ్యాహ్నానికి కాకి మీద కాస్తాడు. అదేమిటండీ అంటే కుక్కుటశాస్త్రం అలా చెప్పిందంటాడు. ఆయన్ని నిలకడలేని మనిషని ఎవరూ అనరు. పైపెచ్చు “పందెం తెలిసిన మనిషి” అంటారు.

నేను నవలలు రాసుకునేదాన్ని. నా సీరియల్ ఎనిమిదోవారానికి చప్పబడి, పాఠకురాలు గబగబా పేజీలు తిప్పేసి పక్కావిడ సీరియల్ అందుకుందనుకోండి. ఆవిడకి నిలకడ లేదని నేను అంటే నలుగురూ నవ్వరూ? రాసేవాళ్ళు పాఠకులకి బాకీ గాని, పాఠకులు రాసేవాళ్ళకి బాకీ ఎలా అవుతారు? ఆటలు చేసి అమ్మేవాళ్ళకీ ఇదే న్యాయం వర్తించాలి.

ఇంతకీ జాంబీ అంటే ఏమిటో తెలియని వదినగార్లకి రెండు ముక్కలు. ఇది మన దయ్యం కాదు సుమండీ. మన దయ్యానికి ఒక కథ ఉంటుంది. తీరని కోరికో, అత్తగారి మీద కక్షో ఉంటుంది. అడిగితే పేరు చెబుతుంది. వేపమండలు చూస్తే జడుసుకుంటుంది. జాంబీకి అదేమీ లేదు. పేరు లేదు, జ్ఞాపకం లేదు, మాట లేదు. ఉన్నదల్లా ఆకలి. అది కరిస్తే కరిపించుకున్నవాడూ జాంబీయే. మాట హైతీ దేశం నుంచి వచ్చింది. 1968లో జార్జ్ రొమేరో ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ అనే సినిమా తీశాక ఈ నడిచే శవాలకి ఇప్పటి రూపం స్థిరపడింది. 1996లో జపాను కంపెనీ క్యాప్‌కామ్ ‘రెసిడెంట్ ఈవిల్’ పేరుతో వాటిని ఆటలో పెట్టి బ్రహ్మాండంగా అమ్ముకుంది. మనవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? 2021లో ప్రశాంత్ వర్మ ‘జాంబీ రెడ్డి’ తీసి వాటిని ఏకంగా కర్నూలు తీసుకొచ్చేశాడు. అందులో కథానాయకుడు వీడియో గేములు తయారుచేసేవాడే!

ఈ శవాల మధ్య ప్రాణం నిలుపుకోవడమే ఆట. అదేం ఆటండీ అని మూతి విరవకండి. ‘ప్రాజెక్ట్ జాంబాయిడ్’ అనే ఆట సంగతి చెబుతాను, వినండి. ఊళ్ళో కరెంటు పోతుంది. కొళాయి ఆగిపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన కూర పాడైపోతుంది. లోపలి దీపం బయటికి కనపడకుండా కిటికీకి దుప్పటి కట్టుకోవాలి. పెరట్లో విత్తనాలు వేసుకోవాలి. పండిన కూరగాయల్ని సీసాల్లో నిలవ పెట్టుకోవాలి. ఎన్ని డబ్బాలున్నాయి, ఎన్ని రోజులు వస్తాయి, దెబ్బకి కట్టుకట్టడానికి గుడ్డపీలిక ఉందా లేదా... ఇదంతా చూసుకోవాలి. ఎక్కడో విన్నట్టు లేదూ? ఇది సంసారమమ్మా! 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఆ నీళ్ళు కొల్లేటిమీద పడ్డప్పుడు లంక గ్రామాల్లో బియ్యం ఎత్తుమీద పెట్టుకుని, అగ్గిపెట్టె తడవకుండా దాచుకుని, ఉన్నదాన్ని నాలుగు పూటలకి సర్దుకున్న ఇల్లాళ్ళకి ఈ ఆట ఎవరూ నేర్పక్కర్లేదు. మగపిల్లవాడు కూర్చుని పప్పు ఎన్నాళ్ళు వస్తుందో లెక్క వేసుకోవడం నేర్చుకుంటున్నాడంటే సంతోషించాల్సిన విషయమే.

ఈ జాతిలోనే 2008లో వాల్వ్ కంపెనీ అమ్మిన ‘లెఫ్ట్ ఫోర్ డెడ్’ అని ఇంకొకటి ఉంది. నలుగురు కలిసి ఆడాలి. నలుగురిలో ఒకడి మీదికి ఒక రకం జాంబీ దూకి నేలకి అదిమిపట్టిందంటే వాడు తనంతట తాను విడిపించుకోలేడు. తోటివాడు వచ్చి విడిపించాల్సిందే. “నేనొక్కణ్ణే మొనగాణ్ణి” అని ముందుకు పరుగెత్తినవాడు ముందుగా పోతాడు. పక్కవాణ్ణి కనిపెట్టుకుని ఉండటం మంచి గుణమని నీతిపాఠం చెప్పకుండానే నేర్పిన ఆట.

మరి ఇలాంటి వాటినుంచి పిల్లలు పబ్జీకి ఎలా వెళ్ళారు? ఇది తెలుసుకోవలసిన కథ. 2012లో డీన్ హాల్ అనే న్యూజీలాండ్ ఆయన ‘డే జీ’ అనే జాంబీల ఆట తయారుచేశాడు. ఐర్లండ్ వాడైన బ్రెండన్ గ్రీన్ దాన్ని తీసుకుని మార్చాడు. ఏం మార్చాడు? జాంబీల్ని పక్కకి నెట్టి, మనుషుల్ని ఒకళ్ళమీదికి ఒకళ్ళని వదిలాడు. చివరికి ఒక్కడు మిగలాలి! 2015లో ‘హెచ్ వన్ జీ వన్’ అనే మరో జాంబీల ఆటవాళ్ళు ఆ కిటుకు ఆయన దగ్గర తీసుకున్నారు. ఆయనే కొరియా కంపెనీలో చేరి 2017 మార్చిలో పబ్జీ తెచ్చాడు. విమానంలోంచి వందమంది దూకాలి, కాల్చుకోవాలి, ఒకడో ఒక జట్టో మిగలాలి. 2018 జనవరికల్లా కంప్యూటర్లమీద ఒకేసారి ముప్ఫైలక్షల మందికి పైగా ఆడిన ఘడియలున్నాయి. హెచ్ వన్ జీ వన్ ఖాళీ అయిపోయింది. అందులో జాంబీలున్న సగాన్ని 2018 అక్టోబరులో మూసేశారు. ఫోర్ట్‌నైట్ కథా ఇంతే. 2017 జూలైలో శవాల్లాంటి ప్రాణులనుంచి కోట కట్టుకుని కాచుకునే ఆటగా వచ్చింది. సెప్టెంబరుకల్లా వందమంది ఒకళ్ళనొకళ్ళు కాల్చుకునే ఆటగా కొత్త అవతారమెత్తింది.

గమనించారా? దయ్యాల్ని తీసేశారు. ఆ చోట్లో మనుషుల్ని పెట్టారు. జాంబీలున్నంతకాలం పక్కవాడు నీకు ఆసరా. జాంబీలు పోయాక వాడే నీ గురికి ఎర. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, పబ్జీలోనూ నలుగురు జట్టుగా ఆడొచ్చు, పడ్డవాణ్ణి లేపొచ్చు. కానీ మిగతా తొంభైఆరుగురూ శత్రువులే. అరగంటలో ఒక విడత తేలిపోతుంది. ఓడినవాడికి ఉక్రోషం, గెలిచినవాడికి ఉత్సాహం. ఎలాగైనా ఇంకో విడత! వ్యాపారికి కావలసింది అదే కదా! తరవాత 2019 ఫిబ్రవరిలో రెసిడెంట్ ఈవిల్ వాళ్ళతో పొత్తు పెట్టుకుని ఫోన్ పబ్జీలోకి జాంబీల్ని మళ్ళీ తెచ్చారు. పండక్కి అల్లుణ్ణి పిలిచినట్టు, కొత్త బట్టలు అమ్ముకోవడానికి.

ఇక మన దేశం సంగతి. మన పిల్లలు ఆటలు ఎందుకు మార్చారో తేదీలే చెబుతాయి. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం పబ్జీతో సహా 118 యాప్‌లని నిషేధించింది. రెండురోజులకల్లా అక్షయ్ కుమార్ ‘ఫౌజీ’ అనే దేశీయ ఆటని ప్రకటించాడు. 2021 జనవరి 26న అది వచ్చేసరికి లక్షలమంది ఎదురుచూస్తున్నారు. అందులో స్నేహితులతో కలిసి ఆడే వీలు లేకపోయేసరికి నాలుగురోజుల్లో చప్పబడింది. 2021 జూలై 2న పబ్జీయే బాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా అని పేరు మార్చుకుని వచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ని నిషేధించారు, దాని అన్నగారు ఫ్రీ ఫైర్ మ్యాక్స్ మాత్రం మిగిలాడు. 2022 జూలై 28న బాటిల్‌గ్రౌండ్స్ కొట్లోంచి మాయమైంది. 2023 మేలో మళ్ళీ ప్రత్యక్షమైంది.

ఇప్పుడు చెప్పండి, నిలకడ లేనిది ఎవరికి? మూడేళ్ళలో ఇన్నిసార్లు తలుపులు తెరిచి మూసింది పిల్లవాడా? నిషేధానికి ప్రభుత్వం కారణాలు దానికున్నాయి, దేశభద్రత అన్నారు, అది వేరే సంగతి. తలుపు మూసినప్పుడు నలుగురు స్నేహితులూ కలిసి ఇంకో తలుపు వెతుక్కున్నారు. దాన్ని చపలచిత్తం అంటారా? నలుగురూ విడిపోకుండా వెళ్ళారు గనక నేను దాన్ని స్నేహధర్మం అంటాను.

అయితే ఈ పిల్లల్ని కూడా ఒక మాట అనాలి. ఆటలు మారినందుకు కాదు, ఆటలకోసం కొట్టుకుంటున్నందుకు. పబ్జీ వాళ్ళొక జట్టు, ఫ్రీ ఫైర్ వాళ్ళొక జట్టు. వీధి చివర పోట్లాట. మన పెద్దవాళ్ళు ఎన్టీ రామారావు, నాగేశ్వరరావుల కోసం జుట్లు పట్టుకున్నారు గదా, ఇదీ అలాంటిదే అని సరిపెట్టుకోవచ్చు. కానీ ఇందులో ఒక ముల్లు ఉంది. ఫ్రీ ఫైర్ చవకరకం ఫోన్లోనూ ఆడుతుంది. పబ్జీ సాఫీగా సాగాలంటే కాస్త ఖరీదైన ఫోను కావాలి. అంటే ఏ పిల్లవాడు ఏ ఆటకి భక్తుడో తేల్చింది వాడి మనసు కాదు, తండ్రి జేబు! పాలేరు కొడుకు ఫ్రీ ఫైర్, పొగాకు షావుకారు కొడుకు పబ్జీ. “అది బీదాళ్ళ ఆటరా” అని ఒకడు నోరు పారేసుకుంటే రెండోవాడు ఇంటికొచ్చి కొత్త ఫోను కొనమని అన్నం మానేస్తాడు. ఆ తల్లి అప్పు ఎక్కడ చెయ్యాలా అని ఆలోచిస్తుంది. మనం మాత్రం “ఆటల పిచ్చి” అని తేల్చేస్తాం. ఆ పిల్లవాడు అడిగింది ఆట కాదమ్మా, పక్కవాడితో సమానంగా కూర్చోవడం.

పైసా తీసుకోకుండా ఆడనిస్తున్నారు, ఇంకేం వ్యాపారం అంటారా? తుపాకీకి రంగు, చొక్కాకి మెరుపు, పెట్టె తెరిస్తే ఏమొస్తుందో తెలియని లాటరీ... ఇవన్నీ డబ్బుకే. బాటిల్‌గ్రౌండ్స్ 2021లో వచ్చినప్పుడు పిల్లల రక్షణకని నియమాలు పెట్టింది. పద్ధెనిమిదేళ్ళలోపు వాళ్ళు రోజుకి మూడు గంటలే ఆడాలట. బాగుంది. రోజుకి 7,000 రూపాయలకి మించి ఖర్చు చెయ్యకూడదట! మరోసారి చదవండి. రోజుకి! పిల్లలకి! పరిమితి! మా ఊళ్ళో నెలంతా కొట్లో నిలబడి బట్టలు మడతపెట్టే ఆడపిల్లకి ఆ పరిమితిని దాటి ఎంత మిగులుతుందో కనుక్కోండి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పందెంగా పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ చట్టం చేసింది. మంచిదే. కానీ ఈ రంగుచొక్కాల వ్యాపారం పందెం కింద రాదు. అది కనిపెట్టుకోవలసింది మనమే.

మా జంగారెడ్డిగూడెం పొగాకు వేలం కేంద్రానికి ఎప్పుడైనా వెళ్ళి చూడండి. రైతులు తెచ్చిన వర్జీనియా బేళ్ళు వరసగా పేర్చి ఉంటాయి. కంపెనీల మనుషులు ఆకు చూస్తారు, గ్రేడు చూస్తారు, ధర చెబుతారు. ఈ ఆటల బజారులో పిల్లవాడు తనే కొనుగోలుదారుణ్ణని అనుకుంటున్నాడు. నిజానికి వాడు బేలు. ఎన్ని లక్షలమంది మా ఆట ఆడుతున్నారో చూపించి కంపెనీలు పెట్టుబడి తెచ్చుకుంటాయి, ప్రకటనలు తెచ్చుకుంటాయి. పోనీ, బేళ్ళకున్న బుద్ధయినా మన పిల్లలకి ఉండొద్దూ? తనని కొన్న కంపెనీ పక్షాన పక్కబేలుతో తగువు పెట్టుకున్న బేలుని మీరెక్కడైనా చూశారా?

అయితే ఆటగాళ్ళ విశ్వాసానికి విలువే లేదా? ఉంది. అడ్డంగా అమ్ముడుపోని విశ్వాసానికి ఎంతో విలువ ఉంది. ఇందాకటి లెఫ్ట్ ఫోర్ డెడ్ సంగతే చూడండి. మొదటిది కొన్న ఏడాది తిరక్కుండా 2009లో రెండో భాగం అమ్ముతామన్నారు. ఆటగాళ్ళకి ఒళ్ళు మండింది. “మొదటిదానికి ఇస్తామన్నవి ఇవ్వకుండా మళ్ళీ డబ్బులా?” అని వేలమంది బహిష్కారం ప్రకటించారు. కంపెనీ దిగివచ్చి ఇద్దరు నాయకుల్ని విమానం టిక్కెట్టుతో పిలిపించుకుని కొత్త ఆట చూపించి బుజ్జగించింది. రెండో భాగం వచ్చింది, బాగుంది, ఆడారు. పదకొండేళ్ళ తరవాత, 2020 సెప్టెంబరులో, ఆ పాత ఆటకి కొత్త హంగులు వచ్చాయి. తయారుచేసింది జీతగాళ్ళు కాదు, ఆ ఆటని ప్రేమించిన ఆటగాళ్ళే!

2021 అక్టోబరులో ఆ మొదటి ఆటకి ప్రాణం పోసిన టర్టిల్ రాక్ వాళ్ళే ‘బ్యాక్ ఫోర్ బ్లడ్’ అని కొత్త ఆట తెచ్చారు. తళుకు ఎక్కువ, బెళుకు ఎక్కువ. జనం వెళ్ళారు, చూశారు, చాలామంది పాత ఇంటికే తిరిగొచ్చారు. 2023 ఫిబ్రవరికల్లా దానికి ఇక కొత్తవేమీ చెయ్యమని కంపెనీ చేతులెత్తేసింది. ఇంతకంటే ఘోరం ‘ద డే బిఫోర్’ది. ఎన్నాళ్ళో ఊరించి ఊరించి 2023 డిసెంబరు 7న అమ్మకానికి పెట్టారు. కొన్నవాళ్ళు చూసి ఛీ అన్నారు. నాలుగురోజులకి తయారీ సంస్థ మూతబడుతున్నట్టు ప్రకటన. కొన్నవాళ్ళ డబ్బు వెనక్కి ఇచ్చారు, 2024 జనవరి 22న ఆట ఆగిపోయింది. మరి ఇక్కడ ఆటగాళ్ళు విశ్వాసం చూపించి అంటిపెట్టుకుని ఉండాల్సిందంటారా?

కాబట్టి నా మాట ఇది. ఆటగాడు ఆటకి బాకీ లేడు. ఆటే ఆటగాడికి బాకీ. విశ్వాసమంటూ చూపిస్తే పడిపోయినప్పుడు లేపిన తోటివాడికి చూపించాలి. వాడు ఏ ఆటకి వెళితే ఆ ఆటకి వెళ్ళడం తప్పు కాదు. బాగాలేనిదాన్ని వదిలెయ్యడమూ తప్పు కాదు. పెట్టిన డబ్బు పోతుందని ఇష్టంలేని ఆటని పట్టుకుని వేళ్ళాడటమే తప్పు. దానికి విశ్వాసం అని పేరుపెట్టుకోవడం ఇంకా తప్పు.

మనం ఆడవాళ్ళకి ఈ తేడా బాగా తెలియాలి. “నిలకడ” అనే మాటతో మనల్ని ఎన్నిచోట్ల కట్టిపడేశారు! మోసం చేసే చీటీపాట ఆవిణ్ణి మార్చడానికి కూడా “ఇన్నాళ్ళ పరిచయం కదా” అని జంకుతాం. ఆ జంకుని పిల్లలకి సుగుణమని నేర్పకండి.

గంటల తరబడి ఫోను చేతికివ్వమని నేను చెప్పడం లేదు. కళ్ళున్నాయి, చదువులున్నాయి, నిద్ర ఉంది. వేళకి ఫోను తీసి పైన పెట్టండి. కాని పెట్టేముందు “మళ్ళీ ఆట మార్చావా, వెధవా!” అని కసరకుండా పక్కన కూర్చుని మూడు ప్రశ్నలు అడగండి. “ఎవరెవరితో ఆడుతున్నావు? నువ్వు పడిపోతే లేపేవాళ్ళు ఎవరు? ఇప్పటిదాకా ఎంత డబ్బు పెట్టావు?” మొదటి రెండిటికీ వాడు ఉత్సాహంగా జవాబు చెబుతాడు. మూడో ప్రశ్నకి నీళ్ళు నమిలాడంటే మాత్రం, ఆ రాత్రే మీ వారి బ్యాంకు పుస్తకం ఒకసారి తీసి చూసుకోండి.